కండెలు చుట్టినవారు

లోకేశ్వరి చీరను బల్లమీద పరిచి, అంచు బాగా కనపడేలా కొంగును ఒక వారకు లాగి, ఫోటో తీసింది. కిటికీలోంచి పడే పొద్దుటెండే ఆమెకు లైటు. ఎండ జరిగితే బల్ల కూడా జరగాల్సిందే. వీధిలో మరమగ్గాలు టకటకలాడుతుంటే గాజుగ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. నగరిలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు చెవికెక్కదు. ఆగితేనే ఉలిక్కిపడతారు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కళ్లద్దాల కాడ ఒకటి ఊడిపోతే నేతదారంతో కట్టుకుంది. అది ఎర్రదారం కావడంతో దూరానికి చెవి దగ్గర పువ్వు పెట్టుకున్నట్టుంటుంది. చేనేత సొసైటీలో గుమాస్తా అని పేరే గానీ తాళం తీసేదీ, చీపురు పట్టేదీ, చీరలను వెబ్‌లో పెట్టేదీ ఆమే.

వెబ్‌లో పెట్టడమంటే ఏదో మాయ అనుకోనక్కర లేదు. రంగు, అంచు, కొలత, నేసినవారి పేరు, ఇవన్నీ డేటాబేసులో ఉంటాయి, వంటింట్లో పప్పు ఒక డబ్బాలో, బెల్లం ఒక డబ్బాలో ఉన్నట్టు. వాటిని ఎక్స్ఎమ్ఎల్ అనే ఫైలులోకి తీస్తారు. అందులో ప్రతి మాటకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు. ముందుది తెరుస్తుంది, వెనకది మూస్తుంది. దాని పక్కనే స్టైల్‌షీటు అని ఇంకో ఫైలు ఉంటుంది. ఏది పైన రావాలి, ఏది పెద్దక్షరాల్లో రావాలి, ఏది అసలు కనపడకూడదు అనేది చెప్పేది అదే. దాని మాట ప్రకారం చీర పేజీగా తయారై, చెన్నైలో అంగడివాళ్ల కంటికి కనపడుతుంది.

సొసైటీ పేజీని ఆ సాయంత్రం చిత్తూరు ఆఫీసుకు అప్పగించాలి. ఫైలు, స్టైల్‌షీటు ఎలా ఉంటే అలా తీసుకుంటారు. తర్వాత ఇక్కడినుంచి కొత్త చీరలు పంపడమే గానీ పేజీ తీరు మార్చే వీలుండదు.

లోకేశ్వరికి ఒక్క వరస చేర్చాలని ఉంది. 'నేసినవారు' అనే మాట కింద 'కండెలు చుట్టినవారు' అని.

వాళ్ల నాయనకు ఒకసారి సొసైటీవాళ్లు శాలువా కప్పారు. వాళ్లమ్మ అప్పుడు తలుపు చాటున నిలబడి, దారం ఒరిసి కోసుకుపోయిన వేళ్లను కొంగులో దాచుకుని చూసింది. అడ్డంగా నేసే పేకదారాన్ని కండె అనే చిన్న గొట్టానికి చుట్టి ఇవ్వకపోతే, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఉట్టిదే. పొద్దున లేచింది మొదలు ఆ తల్లి చుట్టిన కండెలే ఆ శాలువాను తెచ్చాయి. ఆమె పోయి చాలాకాలమైంది. ఎక్కడా ఆమె పేరు లేదు. ఆ సంగతి లోకేశ్వరి ఎవరితోనూ అనలేదు, కానీ మరిచిపోనూ లేదు.

డేటాబేసులో కొత్త గడి కావాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. ఎక్స్ఎమ్ఎల్‌లో అలా కాదు, కావలసిన గుర్తు మనమే పెట్టుకోవచ్చు. కార్యదర్శి బాలచంద్రను ఆమె వారం రోజులు వెంటపడి ఒప్పించింది.

"కండెల పేరు యాడన్నా ఏస్తారామ్మా? రేపు దారానికి గంజి పెట్టినోళ్ల పేరు గూడా ఏయమంటావు," అన్నాడాయన.

"ఏస్తే తప్పేముండాది సార్?" అంది ఈమె.

"సరే కానీ. పేజీ మటుకు ఆగకూడదు. ఆగిందా, పాతదే పంపించేస్తా."

ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల పేర్లన్నీ అడిగి చేర్చింది. మిగిలింది మునిరామయ్య ఇల్లు. ఆయన చీర దగ్గర తెరిచే గుర్తు కొట్టింది. చెయ్యి ఆగిపోయింది. ఆయన భార్య పేరేమిటి? వీధంతా కండెలవ్వ అనే పిలుస్తుంది. చిన్నప్పటినుంచీ తానూ అలానే పిలిచింది. చేతి అలవాటుగా సేవ్ చేసి, చెప్పులు తొడుక్కుని లేచింది.

మునిరామయ్య గుంతమగ్గంలో కాళ్లు దించి నేస్తున్నాడు. గోడవారగా రాట్నం ముందు అవ్వ కూర్చుని ఉంది. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతోంది. ఎడమచేతి రెండువేళ్ల సందున పచ్చదారం నడుస్తోంది. అది నడిచి నడిచి అక్కడ చర్మం కొమ్ములా గట్టిపడిపోయింది. రెండు దినాలుగా ఆయాసం. కాసేపు చుట్టి, ఆగి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ చుడుతోంది.

"పనిపొద్దున ఈడికొస్తివి. సారు నిన్ను తీసేసినాడా ఏందమ్మే?" అంది అవ్వ.

"తీసేస్తే నీ పక్కన ఇంకో రాట్నం ఏసుకుంటాలే అవ్వా. నీ పేరు చెప్పు. చీర పక్కన కంప్యూటర్లో ఎయ్యాల."

"చీర నేసింది ఆయప్ప గదా."

"కండెలు సుట్టింది నువ్వు గదా."

మగ్గం ఆగింది. "దేవకమ్మ అని రాసుకోమ్మా. కార్డులో అదే ఉండాది," అన్నాడు మునిరామయ్య.

లోకేశ్వరి తల ఊపి వెనక్కు తిరిగింది.

"దేవకమ్మ అని ఎయ్యొద్దు," అంది అవ్వ. చక్రం మీద చెయ్యి కదలలేదు. "అది ఈ ఇంట్లో పెట్టిన పేరు. మా అత్త పేరూ నా పేరూ ఒకటే అయిపాయ. కోడల్ని పిలిస్తే అత్తను పిలిచినట్టుంటాదని పెండ్లయిన మర్నాడే మార్చేసినారు. మా నాయన పెట్టిన పేరు రాఘవమ్మ. తిరుపతిలో బస్సెక్కించి, ఆఖర్న ఆ పేరుతో పిలిచింది ఆయనే."

మునిరామయ్య నాడెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా అమ్మ పేరు గదా. నోటితో నేనెట్ల పిలిచేది?"

"నిన్ను పిలవమన్నానా? ఆ పిల్లను రాయమన్నా."

లోకేశ్వరికి నవ్వొచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు. "కంప్యూటర్లో నా పేరు ఎట్లుంటాది?" అని అడిగింది.

"మీ తిరుపతి గంగజాతరలో ఒకే మనిషి ఒకదినం బైరాగి వేషం కడతాడు, ఒకదినం బండ వేషం కడతాడు గదా అవ్వా. లోపల మనిషి మారడు. ఇదీ అంతే. నీ పేరు లోపల ఉంటాది. పేజీ దానికి కట్టే వేషం. ఫోన్లో ఒక వేషం, కంప్యూటర్లో ఒక వేషం."

"అట్లనా! అయితే నాకు ఇన్నేండ్లుగా కట్టింది దేవకమ్మ వేషం." ఇప్పుడు నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "సాయంత్రం తెచ్చి పైకి సదువు. నాకు అక్షరం రాదు. ఈయప్ప గూడా ఇనాల," అంది.

ఆఫీసు మెట్లెక్కుతుండగానే బాలచంద్ర గొంతు వినపడింది. "అమ్మా లోకేశ్వరీ! పేజీ యాడ పోయింది? చెన్నై అంగడాయన ఫోను మీద ఫోను. తెల్లగా ఉండాదంట, ఒక్క చీరా లేదంట!"

ఆమెకు వెంటనే తెలిసిపోయింది. మునిరామయ్య చీర దగ్గర తెరిచిన గుర్తు తెరిచినట్టే ఉంది. దానికి మూసే గుర్తు లేదు. ఒక్కచోట మూత లేకపోతే ఎక్స్ఎమ్ఎల్ మొత్తానికే మొరాయిస్తుంది. తను లేని సమయానికి పేజీ తనంతట తాను తయారవబోయి, అక్కడికొచ్చి ఆగిపోయింది. ఊళ్లోని చీరలన్నీ ఆ పేరు కోసం ఆగి ఉన్నాయి.

"తప్పు నాదే సార్."

"తప్పూ వద్దు, ఒప్పూ వద్దు. ఆ కండెల వరస పీకేసి పాతది పెట్టు. చిత్తూరువాళ్లు కాచుకోనుండారు."

"పీకను సార్." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక్క పేరు. ఏసినాక గూడా పేజీ రాకపోతే మీరే తీసెయ్యండి. నేను అడ్డం రాను."

ఆయన చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాడు. ఆమె వేళ్లు గబగబా ఆడలేదు. ఒక్కొక్క అక్షరం చూసుకుని 'రాఘవమ్మ' అని కొట్టింది. మూసే గుర్తు పెట్టింది. ఫైలును పైనుంచి కిందివరకూ ఒకసారి చదివింది. ఆయన "కానీ, కానీ" అంటున్నా రెండోసారీ చదివింది. అప్పుడు నొక్కింది.

చీరలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ప్రతి చీర కిందా రెండు పేర్లు. బాలచంద్ర ముందుకు వంగాడు. ఆయనింట్లోనూ ఒక మగ్గం ఉంది. అక్కడ 'పంకజాక్షి' అని ఉంది.

"మా ఇంటిదాని పేరు గూడా ఏసినావే!" వేలు చాచి ఆ పేరు చూపించాడు. "పొద్దున్నుంచి నామీద కోపంగా ఉండాది. ఇది సూపిస్తే కాఫీ అన్నా దొరుకుతాది. పంపించెయ్యమ్మా చిత్తూరికి, ఇట్లనే."

పంపించింది. అటువైపునుంచి అందిందని మాట వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. పొద్దున తెచ్చుకున్న పెరుగన్నం అప్పుడు తిని, గిన్నె కడుక్కుని, తలుపుకు తాళం వేసి, ఫోను చేతిలో పట్టుకుని బయలుదేరింది.

మునిరామయ్య వీధి మలుపు తిరగగానే ఉలిక్కిపడింది. చప్పుడు లేదు. ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క మరమగ్గమూ ఆడటం లేదు. కరెంటు పోలేదు, టీకొట్టులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నగరిలో వీధి మగ్గాలన్నీ ఒక్కసారి ఎందుకు ఆపుతారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

అవ్వను వాకిలికి ఎదురుగా పడుకోబెట్టారు. పక్కింటి శకుంతలమ్మ లోకేశ్వరి చెయ్యి పట్టుకుంది. "మధ్యాన్నం గంజి తాగింది. పడుకోవ్వా అంటే, ఈ కండె అయినాక పడుకుంటా అనింది. అట్లనే గోడకు ఆనుకోనింది తల్లి."

మునిరామయ్య మగ్గం గుంత అంచున కూర్చుని ఉన్నాడు. తలెత్తి ఫోను వంక చూశాడు. "ఏసినావామ్మా?"

"ఏసినాను తాతా."

"సదువు. ఇనాల అనింది గదా."

లోకేశ్వరి ఎర్రదారం కట్టిన కళ్లద్దాలు సరిచేసుకుంది. ఇంట్లో అందరికీ వినపడేలా చదివింది. "రంగు చిలకపచ్చ. అంచు మామిడిపిందె. నేసినవారు మునిరామయ్య. కండెలు చుట్టినవారు రాఘవమ్మ."

"ఇంకోసారి సదువమ్మా."

చదివింది. ఈసారి చివరి మాట దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆగింది. ఆ పేరు మునిరామయ్యే పలికాడు. మెల్లగా, పడుకున్నావిడను లేపుతున్నట్టు పలికాడు.

గోడవారన రాట్నాన్ని ఎవరూ కదిలించలేదు. కదురు మీద కండె సగం నిండి ఉంది. దాన్నుంచి వచ్చిన పచ్చదారం తెగకుండా, అవ్వ కూర్చున్న చోటిదాకా నేలమీద సాగి ఉంది.