మంటకు తోడు

ఎదుటి కొండ తగలబడుతోందని బయన్న కనిపెట్టేసరికి, ఆ మంట అతన్ని పేరు పెట్టి పిలుస్తోంది.

"బయన్నా!"

నల్లమల నడిమధ్యన, నిప్పు కనబడితే కబురు చెప్పడానికి కట్టిన ఇనుప మంచె మీద అతనొక్కడే ఉంటాడు. వేసవి మొదలయ్యాక అతన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. వైర్‌లెస్ సెట్టులోని మనిషికి అతను మూడో టవరు, అంతే.

ఆ గొంతు అతనికి తెలుసు. పోయిన ఏడు పాము కరిచి చనిపోయిన భార్య ఈదమ్మది. బతికుండగా ఆమె మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పలకకూడదు. "ఇదిగో" అనేది, లేదంటే గాజులు చప్పుడు చేసేది. తన పేరు ఆమె నోట ఎలా ఉంటుందో బయన్నకు ఇప్పుడే తెలుస్తోంది.

సెట్టు నొక్కుతాడు. "సార్, మంట."

"ఎవురు పెట్టినారు?"

"తెలీదు సార్. నన్ను పిలస్తాండాది."

"పిలిస్తే పోవాల గదయ్యా. పెట్టినోన్ని పట్టుకో. పొద్దుగూకేలోగా ఆరకపోతే లోయలో మీ గూడెం మిగలదు."

సెట్టు భుజాన తగిలించుకుని బయన్న దిగుతాడు. దిగేకొద్దీ నిచ్చెన పొడుగవుతుంది. నేల తగిలేసరికి గడ్డం బాగా పెరిగి ఉంటుంది. వాగు గట్టెక్కి, బెదిరిన గొడ్డులా పక్కకు నిలబడి అతనికి దారి ఇస్తుంది. దుప్పులు తమ నీడలను నోట కరుచుకుని లోయలోకి దిగుతుంటాయి. వెనకబడిన ముసలి దుప్పి నీడను కింద పెట్టి అడుగుతుంది:

"పిలిచేది నిన్నేనా? మొదటి కూతకే పలికుంటే మాకీ తిప్పలు ఉండేవి కావు గదా!"

అతను పచ్చి మండ విరుచుకుని మంటను కొడతాడు. ఒక నాలుక ఆరుతుంది. పిలుపు ఆ మేరకు సన్నబడుతుంది. ఇంకో దెబ్బ. గొంతు ఇంకాస్త దూరం జరుగుతుంది.

చెయ్యి ఆగిపోతుంది. ఆర్పితే ఆ గొంతు పోతుంది. ఆర్పకపోతే గూడెం పోతుంది. అక్కడ ఈదమ్మ తమ్ముడి పిల్లలున్నారు.

"మూడో టవరూ, ఏం జేస్తాండావు?"

"ఆలోచిస్తాండా సార్."

"అది ఆలోచిస్తాందా? కాలస్తాంది గదా!"

అప్పుడు కనబడుతుంది ఇప్పచెట్టు. చుట్టూ కొండంతా నల్లబడినా, దానికి మాత్రం సెగ తగల్లేదు.

ఇప్పపూలు రాలే కాలంలో గూడెం వాళ్లు చెట్టు కింది ఎండుటాకులు కాలుస్తారు, నల్లటి నేల మీద పూలు తెల్లగా కనబడాలని. ముట్టించిన మనిషి, మంట పడుకునేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి. తోడున్న మంట ఎక్కడికీ పోదు. పోయిన ఏడు ఇక్కడ ముట్టించింది ఈదమ్మే. ఇక్కడే పాము కరిచింది. బయన్న ఆమెను వీపున వేసుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. మంట పక్కన ఎవరూ కూర్చోలేదు.

అతను మండ పారేసి, ఆమె కూర్చున్న చోటే గొంతుక్కూర్చుంటాడు.

"రా" అంటాడు.

కొండ కొసల నుంచి మంట వెనక్కి తిరుగుతుంది. బండలు దాటుతూ, చిన్నదవుతూ వచ్చి, పిల్లిలా అతని మోకాలికి ఆనుకుంటుంది. పొగంతా తాడులా పేనుకుని అతని ముందు వేలాడుతుంది. పై కొస ఎవరి చేతిలో ఉందో కనబడదు. తాడు వెంట తేనె కారుతోంది.

"దొరికినాడా?" అంటుంది సెట్టు.

"దొరికినాడు సార్. వానికి నిద్రొస్తాంది."

సెట్టు కట్టేసి, బయన్న రెండు చేతులా తాడు పట్టుకుంటాడు. మెల్లగా అడుగుతాడు. "కొండ కాల్చింది ఎవురు?"

మంట ఆవులిస్తుంది. ఈదమ్మ గొంతు ఇక గుసగుసే.

"నేనే. ఆ యమ్మ నన్ను ముట్టించి నీ సంగతులు చెప్తాండె. ఎవురూ లేరని నీ పేరు కూడా చెప్పె. ఎప్పుడో ఒగసారి నువ్వు తేనె కోసం తాడు మీద కొండచరియ దిగతాండావంట. పైన తాడు వాళ్ల తమ్ముడు పట్టుకున్యాడంట. ఆడిదాకా చెప్పి, కత సగంలో ఇడిసి ఎలబారిపోయె. బూడిద కింద ఏడాది కాచుకున్యా, ఆ యమ్మ మళ్లా రాలా. చెట్టు చెట్టునీ పోయి అడిగినా. ఏ చెట్టూ తెలీదనె. నువ్వు పైకొచ్చినావో లేదో తెలుసుకుందామనే కొండంతా కాల్చినా, బయన్నా."