అమ్మ ఒత్తు

చాముండేశ్వరి సంతకం తప్ప ఎన్నడూ ఏమీ రాసి ఎరగదు. అయిదో తరగతితో బడి మానేసి మగ్గం గుంతలో కాళ్లు పెట్టిన మనిషి. అట్లాంటిదాన్ని తమ్ముడు తిరుపాల్ ధర్మవరం నుంచి హిందూపురం పిల్చుకుపోయి, అమర్‌నాథ్ రికార్డింగ్ స్టూడియోలో కూర్చోబెట్టి చేతికి పెన్నిచ్చినాడు.

ఫిడేలు వాయించే తిరుపాల్‌కు వేళ్లు మొద్దుబారుతాండాయి. పూర్తిగా పోకముందే తన వాయింపు దాచుకుందామని తనే వచ్చినాడు. ఆ స్టూడియోలో ఉండేది ఒక్క ఫిడేలును అరవైగా మోగించే కంప్యూటర్. కమానును తీగమీద ఎంత అదిమితే ఎట్ల పలుకుతాదో, ఒక్కో ఒత్తూ దానికి పేరు పెట్టి నేర్పాల.

"అక్కా, నాకు కన్నడమే రాయడానికొచ్చేది. ఆయన చెప్పే పేర్లు నువ్వు రాయి" అన్నాడు అమర్‌నాథ్.

"నా రాత చూస్తే నీ కంప్యూటర్ పారిపోతాదప్పా."

"యాడికి పోతాది? వైర్లతో కట్టేసినాం కదా!"

"మెత్త ఒత్తు" అని రాసింది. తిరుపాల్ వాయించినాడు. రికార్డయినాక మళ్లీ వాయిస్తే కమాను కదిలింది గానీ సద్దు లేదు. పేరు రాసి తీసుకున్నాక ఇంకెట్ల మిగుల్తాది? "ఇంకోటి" అన్నాడు అమర్‌నాథ్.

గట్టి ఒత్తు పోయింది. గీకుడు ఒత్తు పోయింది. పెండ్లి ఒత్తు పోతాంటే తిరుపాల్ కండ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి అతనికున్న పన్నెండు ఒత్తుల్లో పదకొండు పోయినాయి.

"కడాకు, అమ్మ ఒత్తు" అన్నాడు.

వాళ్లమ్మ పోయినప్పుడు, దారిలో పాడె దింపి చెవిలో మూడుసార్లు పిలిచేచోట, గొంతు పెగలక తిరుపాల్ కమానుతో పిలిచినాడు. ఆ ఒత్తు.

చాముండేశ్వరి "అమ" అని రాసి ఆగిపోయింది. తిరుపాల్ వాయించినాడు. స్పీకర్లలో అరవై ఫిడేళ్లూ మూగగా ఉండిపోయినాయి.

అమర్‌నాథ్ కాగితం చూసినాడు. "అక్కా, మా కన్నడంలోనూ అమ్మకు ఒత్తుండాది. పెట్టు."

"నాకు రాదప్పా" అనింది, పొద్దున్నుంచి పదకొండుసార్లు ఒత్తు రాసిన మనిషి.

"పెట్టుక్కా" అన్నాడు తిరుపాల్ మెల్లగా. "నా చెయ్యి పడిపోతే అదీ మట్టిలో కలుస్తాది."

"కలిస్తే నీతోనే కలవనీరా" అని పెన్నుకు మూత పెట్టింది.

బస్సు పెనుకొండ దాటినాక తమ్ముడు అన్నాడు: "ఇంక పెండ్లిండ్లకు నన్నెవరు పిలుస్తారు?"

తెల్లారి చెన్నేకొత్తపల్లి నుంచి మనిషొచ్చినాడు. మారప్ప అనే పెద్దాయన పోయినాడంట. కొడుకుకు మాట రాదంట, దింపినచోట పిలిచేదానికి ఫిడేలు కావాలంట. చాముండేశ్వరి నీళ్లు కాచి, తమ్ముడి వేళ్లకు వేడి గుడ్డ చుట్టి, తల దువ్వి, ఫిడేలు పెట్టె భుజానికి తగిలించి బస్సెక్కించింది.