కూర్చునే పని

చొక్కా గుండీ ఊడింది. కుట్టి ఇచ్చాను. తొడుక్కుంటూ దాన్ని వేళ్లతో లాగి చూశాడు, గట్టిగానే ఉందని తేలాక అద్దంలోంచే నా వైపు చూసి అన్నాడు.

"నువ్వు చేసేదేముందిలే, కూర్చునే పనేగా."

నలుగురిలో ఉంటే 'మా ఆయన' అంటాను, 'అన్నారు' అంటాను. ఇక్కడ మాత్రం అన్నాడనే రాస్తాను. ఆ పూట నేనేం అడిగానని? మా కుట్టు వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉంది, సాయంత్రం వచ్చేటప్పుడు కూరగాయలు మీరు తెస్తారా అని అడిగాను. సంచీ కూడా తలుపు గడియకి తగిలించి ఉంచాను. దానికి వచ్చిన జవాబు అది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను కానీ ఎలా ఉంటుందో చెప్పగలను. 'నువ్వు' దగ్గర నిదానంగా మొదలవుతుంది. 'ఏముందిలే' దగ్గర గొంతు లేస్తుంది. 'కూర్చునే పనేగా' దగ్గరికొచ్చేసరికి ముక్కులోంచి చిన్న నవ్వొకటి కలిసి జారిపోతుంది. ఆ నవ్వే నాకు ఎక్కడో తగులుతుంది.

కూర్చునే పనట. ఒకరోజు పట్టుదలగా లెక్కపెట్టాను. భోజనానికి కూర్చుని పదకొండుసార్లు లేచాను. మంచినీళ్లకి ఒకసారి, ఉప్పుకి ఒకసారి, ఆయనగారి ఫోను పక్కగదిలో మోగితే ఒకసారి, తలుపెవరో కొడితే ఒకసారి. అత్తయ్య ఏదో వెతుక్కుంటోందని రెండుసార్లు లేచాను, చూస్తే ఆవిడ ఏదీ వెతుక్కోవడం లేదు. మిగతావి ఎందుకు లేచానో నాకే గుర్తు లేదు. మోకాళ్లకి అలవాటైపోయింది. 'ఏమే' అనే పిలుపు పూర్తయ్యేలోపు అవే లేచి నిలబడతాయి. నేను వాటి వెనకాల వెళ్తాను.

అతను కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుడతాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద, ఫ్యాను కింద కూర్చునే చుడతాడు. దాన్ని కూర్చునే పని అని ఎవరూ అనరు. పని అంటారు. ఇంటికొచ్చి నడుం పట్టేసిందంటే వేణ్నీళ్లు కాచి పెడతాను. నా నడుం సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాడో తెలుసు కదా.

అత్తయ్యదీ ఒకప్పుడు సూది చెయ్యే. చక్కెర జబ్బు కళ్లని తినేశాక మానేసింది కానీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో పాత బట్టలన్నీ పేర్చి దుప్పట్లు కుట్టేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దారం చివర ఎలా ముగించాలో నేర్పింది. ముడి వేసి తెంపడం కాదు, వెనక్కి వచ్చి రెండు కుట్ల కిందనుంచి దూర్చి, ఒక మెలిక తిప్పి అప్పుడు తెంపాలి. నేను కుట్టింది మూడుసార్లు విప్పేసింది. మీ ఇంట్లో సూది పట్టుకోవడం కూడా నేర్పలేదా అమ్మాయ్ అంది. ఆ రోజు ఎంత మండిందో! అయినా ఈనాటికీ నా చెయ్యి అలాగే ముగిస్తుంది, ఇంకోలా రాదు.

మా వర్క్‌షాపులో పన్నెండుమందిమి. హోటళ్లకి దుప్పట్లు, పరదాలు, దిండుగలీబులు కుడతాం. పోయిన ఏడాది ఒక చిత్రకారుడు కొత్తరకం పని తెచ్చాడు. గడ్డం గుండెల దాకా ఉండేది, అందుకని గడ్డం సారు అన్నాం. మనుషులు మాట్లాడే మాటని కంటికి కనపడేలా, చేతికి తగిలేలా గుడ్డ మీదకి తెస్తానన్నాడు. మాటని ఫోనులో పట్టి కంప్యూటరులో పెడితే అది గీతగా వస్తుంది. గొంతు పెరిగినచోట గీత కొండలా లేస్తుంది, తగ్గినచోట దిగుతుంది, ఎవరూ మాట్లాడనిచోట తిన్నగా పోతుంది. ఆ గీతని కాగితం మీద పెద్దగా తీసి, సూదితో చిల్లులు పొడిచి, సుద్దపొడి రుద్ది గుడ్డ మీదకి దింపుతాం. గట్టి మాటకి లావు దారంతో ముడికుట్టు, మెల్లటి మాటకి సన్న దారంతో గొలుసుకుట్టు. చూపు లేనివాళ్లు కూడా తడిమి తెలుసుకోవచ్చునన్నాడు. మా పన్నెండుమందినీ ఇంట్లో మీరు ఎక్కువగా వినే మాట ఒకటి పట్టుకు రమ్మన్నాడు.

అందరికన్నా ముందు మాలో వయసులో పెద్దావిడ, పెద్దక్క తెచ్చింది. ఆమె కొడుకు గొంతు, 'టీ అయిందా' అని. తెర మీద మూడు చిన్న గుట్టలు లేచాయి. పెద్దక్క కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఇంతేనా, ఈ గుట్టలేనా నేను ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగుతున్నది" అంది. నవ్వలేక చచ్చాం.

నా మాట పట్టుకోవడానికి నేను పెద్దగా కష్టపడలేదు. ఉప్పు డబ్బా వెనక ఫోను పెట్టి, కూరగాయలు తెస్తారా అని మళ్లీ అడిగాను. మీట నొక్కితే దీపం వెలిగినట్టు వచ్చేసింది.

ఆ గుడ్డ నలభై ఒక్క రోజులు కుట్టాను. 'ఏముందిలే' అనే ఒక్క కొండకే తొమ్మిది రోజులు పట్టింది. ముడి పక్కన ముడి, దాని మీద ముడి. బొటనవేలి చివర చర్మం మొద్దుబారి, ఇంట్లో వేడిగిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. చెవిలో పడితే ఒక్క క్షణంలో అయిపోయే మాట. దాని మీద రోజుల తరబడి వంగి కూర్చుంటే, అది ఎంత బరువో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఇంత బరువు మోస్తూ అంట్లు తోమానా అనిపించింది. కుడుతున్నకొద్దీ ఒక్కటే కోరిక పెరిగింది. ఆ మనిషి ఈ గుడ్డ ముందు నిలబడాలి. తన మాట తన వేళ్లకే తగలాలి. అది తనదేనని, కుట్టింది నేనని తెలియాలి. క్షమాపణ లాంటివేం వద్దు, తెలిస్తే చాలు.

కాగితం మీద గీత తీసినప్పుడే ఒక సంగతి జరిగింది. అతని మాట అయిపోయాక గీత మూడు మూరల పొడుగున తిన్నగా ఉంది. గడ్డం సారు చూసి, ఇక్కడ రికార్డింగు పోయినట్టుంది, ఈ ముక్క కత్తిరించెయ్యండి అన్నాడు.

"పోలేదు సారూ," అన్నాను. "అక్కడ నేనున్నాను."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్లు పెద్దవి చేసి, కత్తిరించవద్దు, అలాగే ఉంచుదాం అన్నాడు. సంతోషించాను. కుట్టినవాళ్ల పేర్లు కూడా పక్కన రాయండి సారూ అని ధైర్యం చేసి అడిగాను. చూద్దామమ్మా అన్నాడు. మా ఇంట్లో వినీ వినీ చూద్దామనే మాటకి అర్థం నాకు బాగా తెలుసు.

ప్రదర్శన ఒక పెద్ద హాల్లో. మధ్యాహ్నం నుంచే జనం. వర్క్‌షాపు నుంచి ఇంటికి కార్డు వచ్చింది కాబట్టి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. తడిమి చూసే బొమ్మలట కదా నేనూ వస్తానని అత్తయ్య పట్టుబట్టింది. లోపల గుడ్డలన్నీ నడుమెత్తు చట్రాలకి బిగించి ఉన్నాయి, ఒక్కో చట్రం ముందు కూర్చోడానికి ఒక్కో బల్ల. గుమ్మం దగ్గర బోర్డు మీద చిత్రకారుడి పేరు నా అరచెయ్యంత అక్షరాల్లో ఉంది. అట్టడుగున, వంగితే గానీ కనపడనిచోట, 'సహకారం: వర్క్‌షాపు మహిళలు' అని ఉంది.

నా గుడ్డ దగ్గర పత్రికవాళ్లెవరో గడ్డం సారుని అడుగుతున్నారు, ఈ ఖాళీ ఏమిటని. నేను కావాలనే వదిలాను, అది ఒక స్త్రీ మౌనం, దాన్ని పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది అంటున్నాడు. నేను వాళ్లకి రెండు అడుగుల దూరంలో, అత్తయ్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. నా మాట ఎటూ ఇంట్లో పోయింది. మాట్లాడకపోవడం ఒక్కటైనా నాదనుకున్నాను. దాన్నీ ఎత్తుకుపోయాడు.

వాళ్లు పక్క గుడ్డ దగ్గరికి వెళ్లగానే మా ఆయన ముందుకొచ్చాడు. చూపుడువేలితో మొదట్నుంచి నింపాదిగా తడిమాడు. కొండ దగ్గర ఆగి రెండోసారి తడిమాడు. తెలిసిందనుకున్నాను.

"చూడు," అన్నాడు నా వైపు తిరిగి. "పనంటే ఇదీ."

నెల్లాళ్ల పైగా రోజూ ఇంట్లో చెప్పాను, ఇలా మాటల్ని కుడుతున్నామని. ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఒక్కటి కుట్టడం మరిచిపోయాను.

చివరి ఖాళీ దగ్గరికొచ్చి, ఇంత మంచి గుడ్డ ఇలా వదిలేశారేమిటి, దండగ కదా అని కూడా అన్నాడు.

ఈలోగా అత్తయ్య నా చెయ్యి వదిలించుకుని గుడ్డ మీద రెండు చేతులూ వేసింది. పైన తడిమి ఊరుకోలేదు. సూదిపని తెలిసినవాళ్లెవరూ ఊరుకోరు. పరదా అయినా దుప్పటి అయినా తిరగేసి వెనకవైపు చూస్తేగానీ పని మంచిదో కాదో ఒప్పుకోరు. చట్రం కిందనుంచి చెయ్యి పోనిచ్చి వెనకంతా తడుముతోంది. కాపలా అతను వచ్చి, వెనక ముట్టుకోకూడదమ్మా అన్నాడు.

"వెనక చూడకపోతే పనేం తెలుస్తుంది నాయనా," అంది ఆవిడ, చెయ్యి తియ్యకుండానే. అంతలో ఆ చెయ్యి దారం ముగిసినచోట ఆగింది. బొటనవేలితో అటూ ఇటూ నలిపి చూసింది. "అమ్మాయ్, ఇది నువ్వు కుట్టిందే."

"అవునత్తయ్యా."

"ఎవరి మాటిది?"

"మీ అబ్బాయిది."

"ఏమన్నాడు?"

ఆవిడ వేళ్లు పట్టుకుని మొదట్లో పెట్టి, గీత వెంట నడిపిస్తూ చెప్పాను. నా గొంతుతో కాదు. ఎక్కడ నిదానమో అక్కడ నిదానంగా, ఎక్కడ లేవాలో అక్కడ లేపి, ముక్కులో నవ్వుతో సహా. నువ్వు చేసేదేముందిలే, కూర్చునే పనేగా. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మా ఆయన మొహం మాడిపోయింది. నేనెప్పుడన్నాను, ఏదో సరదాకి అని ఉంటాను, ఊళ్లోవాళ్లందరి ముందూ ఇదేం పని అని గొణిగాడు. ఇంటికి పదండి అన్నాడు.

అత్తయ్య అతని మాట విననట్టే ఉంది. వేళ్లు ఖాళీ గుడ్డ మీదకి వచ్చాయి. కొంత దూరం వెళ్లాయి, ఇంకొంత దూరం వెళ్లాయి, చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాయి. ఆవిడ నన్ను ఓదార్చలేదు. కొడుకునీ తిట్టలేదు.

"గుడ్డ చాలానే మిగిలిందే," అంది. "సూది ఉందా?"

ఉంది. నా సంచీ పట్టీకి ఎప్పుడూ ఒక సూది గుచ్చే ఉంటుంది. బల్ల ముందుకి లాక్కుని కూర్చున్నాను. సంచీలోంచి ఎర్రదారం తీసి, ఆరు పేటలు ఎక్కించాను. నా మాటకి కంప్యూటరు గీసిన గీత లేదు, చిల్లుల కాగితం లేదు. మెల్లగా నోటితోనే అన్నాను, ఇది నేను చేశాను అని. ఎక్కడ లేస్తోందో వింటూ మళ్లీ అన్నాను. 'నేను' దగ్గర లేచింది. వేలితో అక్కడ గుర్తు పెట్టుకుని మొదటి ముడి వేశాను.

గడ్డం సారు పరుగెత్తుకొచ్చాడు. అమ్మా, ఈ పని పూర్తయిపోయింది, చెయ్యి పెట్టకూడదన్నాడు. నా వంతు మిగిలింది సారూ అన్నాను. పత్రికవాళ్లు వెనక్కి వచ్చేశారు. ఈ గుడ్డ ఎవరు కుట్టారని వాళ్లలో ఒకామె ఇప్పుడు నన్ను అడిగింది. చెప్పాను.

మా ఆయన నా భుజం దగ్గరికి వంగి పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"ఏమే, లే. నలుగురూ చూస్తున్నారు. లే అంటున్నానా."

మోకాళ్లు అలవాటు కొద్దీ కదిలాయి. సూదిని గుడ్డలోకి దించి, వాటిని ఉన్నచోటే ఉంచాను.

"కూర్చునే పనండీ," అన్నాను తల ఎత్తకుండా. "ఆలస్యమవుతుంది. కూరగాయలు మీరు తీసుకెళ్లండి."