ఎనిమిదో నెల బిడ్డ

గ్లోరికి బీపీ ఎక్కువ. కడుపులో బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగలేదు. అందుకని వారం వారం పెనుగొలను నుంచి తిరువూరు వచ్చి స్కానింగు చేయించుకుంటోంది. అత్తగారు జోజమ్మ ప్రతిసారీ వెంట వస్తుంది. ఆటో గుంతలో పడబోయినప్పుడల్లా కోడలి పొట్టకు చెయ్యి అడ్డం పెడుతుంది, కుదుపు తన చేతికి తగిలి ఆగిపోతుందన్నట్టు.

బొడ్డుతాడులో రక్తం ఎలా పోతోందో డాక్టరు సుప్రజ చూస్తుంది. తెర మీద కొండల వరుసలా గీత వస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక కొండ. కొండకూ కొండకూ మధ్య పల్లం ఖాళీ కాకూడదని మొదటిసారే చెప్పింది. అప్పటినుంచి గ్లోరి చూపంతా ఆ పల్లాల మీదే.

ఆ మంగళవారం పల్లాలు ఖాళీగా కనిపించాయి. డాక్టరు రెండుసార్లు చూసి, ఈరోజే విజయవాడ వెళ్లాలనీ, అక్కడ ఆపరేషన్ చేసి బిడ్డను తియ్యాల్సి రావచ్చనీ చెప్పింది.

జోజమ్మ ససేమిరా అంది. ఏడో నెల బిడ్డయినా బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదట. తన ఆడబిడ్డ విషయంలో కళ్లారా చూసిందట. పన్నెండు రోజులు ఆగితే తొమ్మిది పడుతుంది కదా అంటూ, డాక్టరు ఎంత చెప్పినా వినకుండా సంచీ సర్దుకుంది.

అత్తగారికి ఏనాడూ ఎదురు చెప్పని గ్లోరి బల్ల మీద నుంచే పిలిచింది.

"అత్తమ్మా, మన బోరింగు కొట్టేటప్పుడు, పిడి పైకి లేపినా నీళ్లు కారతానే ఉంటాయి కదా?"

"ఉంటాయి. అయితే ఏంటి?"

"అడుగున నీళ్లు తగ్గితే?"

"కొట్టినప్పుడే వస్తాయి. మధ్యలో ఆగిపోతాయి."

"బిడ్డకీ అంతే అత్తమ్మా. గుండె కొట్టినప్పుడే రక్తం అందుతోంది. మధ్యలో ఆగిపోతోంది. పన్నెండు రోజులు ఎట్టా ఉంటది?"

జోజమ్మ కాసేపు తెర వంక చూసింది. సంచీ కింద పెట్టింది.

"అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందండి?" అని డాక్టర్ని అడిగింది. "నెల సంగతి ప్రభువు చూసుకుంటాడులే."

మర్నాడు విజయవాడలో ఆపరేషన్ చేస్తే ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర. ఊపిరి బాగానే తీసుకుంటోందన్నారు.

నాలుగో రోజు బిడ్డను ఒంటి వెచ్చదనం తగిలేలా గుండెకు ఆనించుకోమంది నర్సు. గ్లోరికి ఇంకా కళ్లు తిరుగుతున్నాయి. ఆమె బదులు జోజమ్మ బిడ్డను గుండెకు ఆనించుకుని కూర్చుంది. కదలొద్దన్నారని దగ్గు కూడా ఆపుకుంది. రెండు గంటలయ్యాక గ్లోరి చేతులు చాపి, ఇక తనకిమ్మని అడిగింది.

"ఇన్నాళ్లూ నువ్వు మోశావుగా, అమ్మాయ్," అంది జోజమ్మ మెల్లగా. "కాసేపు నన్ను మొయ్యనీ."