నాలుగు వేళ్ల దూరం

అనసూయమ్మ గాజు బీరువా తెరిచి, లోపల వెలుగుతున్న చిన్న బల్బు పక్కన చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. ఆ బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. ఆరిపోతే చెమ్మ చేరి లెన్సుల లోపల బూజు పడుతుంది. పై అరలో ఉన్నవి ఒక్కొక్కటే తీసి, రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొట్టి, తర్వాత మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు గుండ్రంగా తుడిచి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టసాగింది. ముందు గాలి, ఆ తర్వాతే గుడ్డ. లేకపోతే కంటికి ఆనని ఇసుక రేణువు గాజు మీద గీత పెడుతుంది. ఇది ఆమె భర్త బిక్షం చెప్పిన మాట.

ఆమెకు యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. దారం పోగులు గాజు మీద పడకుండా చీర కొంగును నడుముకు బిగించి దోపుకుంటుంది. చేతికి అంటిన జిడ్డు లెన్సుకు అంటుతుందని తలకు నూనె రాయడం మానేసి అయిదేళ్లయింది. కుడి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుకుంది, సన్నటి రింగులను పైకెత్తడానికి.

ఆ దుకాణం సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో, ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఉంది. పాత కెమెరాలు కొంటారు, అమ్ముతారు, బాగుచేస్తారు. బిక్షం అక్కడ ఇరవై రెండేళ్లు మెకానిక్కుగా చేశాడు. అతను పోయాక, ఓంప్రకాశ్ సేటు ఆమెను ఊడవడానికి, తుడవడానికి పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి లెన్సులు తుడిచే పని కూడా ఆమెకు వచ్చింది. వాటిని విప్పే పని మాత్రం రాలేదు. విప్పాల్సినవి బేగంపేట మెకానిక్కుకు పంపేవారు. కిటికీ పక్కన బిక్షం బల్ల ఖాళీగా ఉండేది. దాని మీద దుమ్ము తుడుస్తూ, ఆ కుర్చీలో కూర్చోవాలని ఆమెకు ఉండేది.

ఈరోజు శనివారం. పదకొండు గంటలకు నతానియేల్ సారు వస్తాడు. ఆయన రాగానే చెప్పెయ్యాలి. పొద్దున సీతాఫల్‌మండి నుంచి నడిచి వస్తున్నంతసేపూ ఆమె ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చింది. మీకు నేను తెలిసి తెలిసి పనికిరాని లెన్సు ఇచ్చిన సారూ. మీకు కావాల్సింది ఇదీ. అంతే. రెండు మాటలు. అవి నాలుగు నెలలుగా ఆమె గొంతులో ఉన్నాయి.

ఆషాఢంలో వచ్చాడు ఆయన మొదటిసారి. పొడుగాటి మనిషి, కాస్త వంగిన నడుము, జేబులో రెండు కళ్లజోళ్లు. రైల్వేలో నక్షాలు గీసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మెట్టుగూడలో తమ్ముడి కూతురితో ఉంటున్నాడు. ఆయన మెడలో వేలాడుతున్న కెమెరా వెనక చిన్న తెర మీద ఒక పచ్చటి బొమ్మ చూపించి, నడుమ ఉన్న చుక్క మీద వేలు పెట్టాడు.

"ఇది సీతాకోకచిలుకమ్మా. మీరు నమ్మాలి మరి."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు.

"మా కాలనీ గోడ పక్కన గడ్డిలో ఉంటుంది. గోరంత. రెక్కలు మూసుకుంటే బూడిద రంగు, ఎవరూ చూడరు. పొద్దున్నే ఎండ తగిలితే ఒక్కసారి తెరుస్తుంది. లోపలంతా నీలం. నలభై ఏళ్లు దాని పక్కనుంచే ఆఫీసుకు పోయాను, కనబడనేలేదు. ఇప్పుడు ఆ ఒక్క ఫోటో పడితే చాలు నాకు."

చిన్నవాటిని పెద్దగా చూపించే లెన్సులు అప్పుడు దుకాణంలో రెండు ఉన్నాయి. ఒకటి అరవై మిల్లీమీటర్లది, ఒకటి వందది. ఆయన ఎక్కడో చదివి చీటీ మీద వంద అని రాసుకొని వచ్చాడు. సేటు బోయిన్‌పల్లిలో ఇంటికి భోజనానికి పోయాడు.

"అందరూ హండ్రెడే మంచిదంటున్నారు. రోజూ వీటిని పట్టుకునేవారు మీరు. మీరేమంటారు?"

వంద లెన్సు ఆమె వెనకే బీరువాలో ఉంది. దానికి పది రోజుల ముందే, సేటు లేనప్పుడు, అందులో బూజు పోగొడదామని ఆమె దాన్ని విప్పింది. ఎవరూ విప్పమనలేదు. బాగుచేసి చూపిస్తే బిక్షం బల్ల తనకు ఇస్తాడని ఆశ. బూజు పోయింది. అన్నీ బిగించి తలెత్తేసరికి పళ్లెంలో వెంట్రుకంత మందం ఇత్తడి రింగు ఒకటి మిగిలి ఉంది. రెండు గాజుల మధ్య ఉండాల్సింది అది. ఏ రెండింటి మధ్యో తెలియలేదు. సేటు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. రింగును తన సంచిలోని పాత కుంకుమ భరిణెలో వేసి, లెన్సును బీరువాలో వెనక్కి తోసింది. అప్పటి నుంచి దానితో ఏ ఫోటో తీసినా ఒక పక్క తేటగా, ఇంకో పక్క పాలు ఒలికినట్టు వచ్చేది.

ఆయన దాన్ని కెమెరాకు తగిలించి చూస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

"వద్దు సారూ, అది బరువు. చెయ్యి వణుకుతది" అంది అనసూయమ్మ. "సిక్స్టీ తేలిక. సీతాకోకచిలుకకు ఇదే మంచిగుంటది."

"మరీ దగ్గరికి పోవాలేమో కదమ్మా?"

"జానెడు దూరంల ఉన్నా పడుతది."

జానెడు దూరం వంద లెన్సుకు. అరవైతో అంత చిన్న పురుగు నిండుగా పడాలంటే నాలుగు వేళ్ల దూరంలోకి పోవాలి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకొని, అరవై లెన్సు కొనుక్కొని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేవాడు, లెన్సుకు గాలి కొట్టించుకోవడానికి. ఆమె గాలి కొడుతుంటే తెర మీద ఫోటోలు చూపించేవాడు.

"ఇదిగో, ఇది అది కూర్చున్న ఆకు. ఇది అది కూర్చున్న ఇంకో ఆకు. ఆకుల ఫోటోలు బాగా వస్తున్నాయి నాకు."

"వస్తది సారూ" అనేది ఆమె, తలెత్తకుండా.

"తప్పు నాదేనమ్మా. నీడ పడకుండా పోవడం చేతకావట్లేదు. ఊపిరి కూడా గట్టిగా వదులుతున్నానేమో. మీరు జానెడు అన్నారు, నాకేమో నాలుగు వేళ్ల దాకా పోతే గానీ అందట్లేదు. పాత కెమెరా కదా, దాని లోపమేమో."

నెల కిందట ఒక శనివారం ఆమె ఆయన ప్యాంటు చూసింది. రెండు మోకాళ్ల దగ్గరా ఎర్రమట్టి, ఉతికినా పోని మరకలు. డెబ్బై దాటిన మనిషి. మరునాడు దుకాణానికి వస్తూ కుంకుమ భరిణె సంచిలో వేసుకొచ్చింది.

సేటు భోజనానికి పోయిన ప్రతి మధ్యాహ్నం వంద లెన్సు విప్పింది. మొదటిసారి రింగు తలకిందులుగా పడింది. రెండోసారి గాజు మీద వేలిముద్ర పడి మళ్లీ మొదటికొచ్చింది. మూడు వారాలు పట్టింది. మొన్న బుధవారం గోడకు న్యూస్‌పేపరు అంటించి ఫోటో తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూసింది. నాలుగు మూలల్లోనూ అక్షరాలు చీమల్లా స్పష్టంగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ లెన్సును ఒళ్లో పెట్టుకొని తుడుస్తుండగా మెట్ల మీద సేటు చెప్పుల చప్పుడు అయింది. ఓంప్రకాశ్ లోపలికొచ్చి, చేతిలో ఛాయ్ గ్లాసు కౌంటరు మీద పెట్టి ఆమె వైపు చూశాడు.

"ఏందీ అనసూయమ్మా, పొద్దుగాల్నే ఆ హండ్రెడ్‌ను పసిపిల్ల లెక్క ఒళ్లో పెట్టుకున్నవ్? జోల పాడుతున్నవా?"

"సేటూ, దీన్ని నతానియేల్ సారుకు ఇద్దాం. సిక్స్టీ వాపస్ తీసుకుందాం."

"ఆయన అడిగిండా?"

"అడగలే. నేనే తప్పు చెప్పిన ఆయనకు."

మొదలుపెట్టాక ఆగలేదు. విప్పింది, రింగు మిగిలింది, దాచింది, అబద్ధం చెప్పింది, అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ కౌంటరు అంచునే తుడుస్తూ ఉంది. సేటు ఛాయ్ తాగడం ఆపి విన్నాడు.

"నాలుగు నెలల సంది ఆ రింగును కుంకుమ భరిణెల పెట్టుకొని కూసున్నవా?"

"అవు."

అతను పకపకా నవ్వాడు. "అరే, బిక్షం సుత ఒకపారి స్ప్రింగు ఎగరగొట్టిండు. పొద్దుమూకేదాంక ఇద్దరం నేల మీద పాకినం. దొరకనే లేదు. నాకు చెప్తే ఏం జేస్తుంటి? తినేస్తుంటినా?"

"పనికెల్లి తీసేస్తవనుకున్న. ఆ బల్ల కాడికి ఇంక రానియ్యవనుకున్న."

"పాగల్! ఇట్ల తే." లెన్సును కిటికీ వెలుగుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగనే బిగించినవ్. ఇచ్చెయ్ ఆయనకు. జెర సారీ చెప్పు, అయిపాయె. రేపటి సంది ఆ బల్ల సాఫ్ చేసుకొని కూసో. ఊకె బేగంపేటకు తిరగలేక నాకూ పరేషానే."

అతని ఛాయ్ ఇంకా వేడిగానే ఉంది. అనసూయమ్మ లెన్సు వెనక్కి తీసుకొని అతని వేలిముద్ర తుడిచింది. అతను అరిచి ఉంటే బాగుండేది. నాలుగు నెలలు ఏ మాటకు భయపడిందో ఆ మాట ఛాయ్ చల్లారేలోపే అయిపోయింది. ఈ కాస్త మాటకు భయపడి ఆ పెద్దాయనను ఎన్ని పొద్దులు గడ్డిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టింది? వానలు వెలిసి గడ్డి పూసి, ఆ పురుగులు ముసురుకునే నెలలన్నీ తన భరిణెలోనే పోయాయి. కోరుకున్న బల్ల దొరికినందుకు సంతోషం కోసం లోపల వెతుక్కుంది. సిగ్గే తగిలింది.

పదకొండయింది. వంద లెన్సును మెత్తటి సంచిలో పెట్టి కౌంటరు మీద ఉంచింది. పన్నెండయింది. ఎండ బాగుంది కదా, ఫోటోలకు పోయి ఉంటాడు అనుకుంది. సేటు బోయిన్‌పల్లికి పోయాడు. ఎవరో దంపతులు చార్జరు కోసం వచ్చి బేరం కుదరక వెళ్లిపోయారు. ఆమె డబ్బా విప్పి నాలుగు ముద్దలు తిని మూత పెట్టింది. మెట్ల మీద అడుగు వినబడ్డ ప్రతిసారీ నోటిలో ఆ రెండు మాటలు సిద్ధం చేసుకుంది.

మూడున్నరకు ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో ఆఫీసు కార్డు, భుజానికి నల్లటి కెమెరా బ్యాగు. ఆ బ్యాగును అనసూయమ్మ వెంటనే గుర్తుపట్టింది.

"అనసూయమ్మ ఆంటీ అంటే మీరేనా? నేను ఆలిస్. నతానియేల్ గారు మా పెదనాన్న."

"సారు రాలే?"

"పెదనాన్న పోయారాంటీ. సోమవారం."

అనసూయమ్మ కౌంటరు పట్టుకుంది.

"పొద్దున కెమెరా తీసుకొని గోడ దగ్గరికి పోయి వచ్చారు. కుర్చీలో కూర్చొని కాఫీ అడిగారు. నేను తెచ్చేసరికి..." ఆలిస్ భుజం మీది బ్యాగు పట్టీ సర్దుకుంది. "తక్లీఫేమీ పడలేదు. నిద్రపోయినట్టే ఉన్నారు. మంగళవారం సమాధి చేసినం."

కింద సందులో ఎవరో టమాటాల బండి తోసుకుంటూ అరుస్తున్నారు. ఆలిస్ బ్యాగును కౌంటరు మీద పెట్టి జిప్పు తీసింది.

"కెమెరా ఉంచుకుంటాను, ఆయన గుర్తుగా. ఈ లెన్సు నాకు వాడడం రాదు. మీ దగ్గరుంటే ఎవరికైనా పనికొస్తుందని తెచ్చిన." ఆలిస్ అరవై లెన్సును బయటికి తీసింది.

"ఆ నీలంది... పడ్డదా అమ్మా?"

"ఏ నీలంది?"

ఆమెకు తెలియదు. కెమెరా వెలిగించి చూపించింది. సోమవారం ఏడు గంటల పది నిమిషాలు. గడ్డి. గడ్డి. మూసిన రెక్కలతో బూడిద రంగు మచ్చ ఒకటి, చెదిరిపోయి. మళ్లీ గడ్డి.

"అన్నీ గడ్డే ఉన్నాయి ఆంటీ."

"అమ్మా, తప్పు నాది" అంది అనసూయమ్మ. "ఆయన హండ్రెడ్ అడిగిండు. అదైతే జానెడు దూరంకెల్లి తీసెటోడు, పురుగు బెదరకపోవు. నేను నా తప్పు బయటపడ్తదని వద్దన్న. అబద్ధం చెప్పిన. ఇయ్యాల చెప్పి మార్చిద్దామని పొద్దటి సంది కూసున్న." మెత్తటి సంచి లోంచి వంద లెన్సు తీసి చూపించింది, సాక్ష్యంలా.

ఆలిస్ చేతిలో ఫోను మోగింది. కింద ఆటో వెయిటింగ్‌లో ఉంది. ఆమె ఆ లెన్సునూ, ఈ లెన్సునూ మార్చి మార్చి చూసింది. రెండూ నల్లగా, ఒకేలా ఉన్నాయి.

"పర్లేదు ఆంటీ" అంది, చీర మీద నీళ్లు ఒలికినప్పుడు అన్నట్టు. "ఏదైతే ఏముంది? ఆయనకు మీరంటే చాలా నమ్మకం. అనసూయమ్మ ఏరి ఇచ్చింది, లెన్సు మంచిదే, నాకే ఓపిక చాలట్లేదు అనేవారు. బాధపడకండి."

పర్లేదు అనకు తల్లీ, అందామనుకుంది అనసూయమ్మ. అనడానికి తనకేం హక్కుంది? క్షమించాల్సిన మనిషి మంగళవారమే మట్టిలోకి పోయాడు.

ఆలిస్ వెళ్లబోతూ ఆగి, బ్యాగు అడుగున చెయ్యి పెట్టింది. "ఇవి కూడా ఇందులోనే ఉన్నాయి. లెన్సు కింద పెట్టే ప్యాకింగేమో. మీకు తెలుస్తుంది." కౌంటరు మీద పెట్టి గబగబా మెట్లు దిగింది. ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అవి రెండు ముక్కలు. పాత హవాయి చెప్పుల అడుగులను గుండ్రంగా కోసి, పైజామా ఎలాస్టిక్కు పట్టీలుగా పెట్టి, లావు దారంతో కుట్టినవి. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. సూది పట్టడం అలవాటు లేని చేతివి. ప్యాకింగ్ కాదు. అనసూయమ్మ ఒకదాన్ని ఎత్తి, చీర మీదుగా తన మోకాలికి ఆనించి చూసుకుంది. అతికినట్టు సరిపోయింది. ఆమె దాన్ని మళ్లీ రెండోదాని పక్కన పెట్టింది.

రబ్బరు మీద గడ్డి పసరు ఇంకా పచ్చగానే ఉంది. కుడివైపుదానికి నడుమ, మోకాలి చిప్ప పట్టేంత గుంట పడింది.