మాసిపోని ఫిల్టరు

ఆ బట్టల కుట్టుశాల తలుపు కొన్నాళ్లుగా మొండికేసింది. బయటి నుంచి లోపలికి రావాలంటే రెండు చేతులతో పట్టి లాగాలి. చెయ్యి వదిలితే దభీమని దానంతట అదే మూసుకునేది. "పొద్దున తినకుండా వచ్చావా ఏంటే, గట్టిగా లాగు!" అని ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకునేవారు. వడ్రంగిని పిలిపిస్తే తలుపు అంచులు చిత్రిక పట్టి వెళ్లాడు. మర్నాడు మళ్లీ అదే తంతు. ఆ తలుపు చెక్కే మంచిది కాదని అందరూ తేల్చేశారు. చదువుతున్న మీకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఎక్కడ ఏది చెడినా నోరు లేనిదాని మీద నేరం మోపడం మనకు మహా తేలిక. తలుపుకు నోరు లేదు. ఆ హాలులో కూర్చున్న ఆడవాళ్లకు నోరుంది గానీ వాళ్ల మాటను చెవిన పెట్టే నాథుడు లేడు.

హాలుకు ఏసీ పెట్టించినప్పుడే కిటికీలన్నీ మూసి, సందుల్లో లప్పం కూరి కట్టుదిట్టం చేశారు. అంతమంది వదిలిన గాలినే మళ్లీ అంతమందీ పీల్చకూడదు కాబట్టి మేడ మీద ఒక పెద్ద రేకుపెట్టె బిగించారు. దాని పని ఇది. ఒక ఫ్యాను హాలులోని పాత గాలిని బయటికి తోస్తుంది, ఇంకొకటి బయటి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. మధ్యలో పలచటి పొరలున్న అర ఒకటుంది. కాగిన పాలగిన్నెను చన్నీళ్లలో పెడితే పాలూ నీళ్లూ కలవకుండానే వేడి ఇటు నుంచి అటు పోతుంది కదా, అచ్చం అలాగే బయటికి పోయే గాలి తన చల్లదనాన్ని లోపలికి వచ్చే గాలికి అప్పగించి పోతుంది. కరెంటు ఆదా అవుతుంది, ఊపిరీ హాయిగా ఆడుతుంది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. అందుకని పెట్టెను గాలిపెట్టె అనీ, దాన్ని బిగించిన మెకానిక్‌ను గాలి మేస్త్రీ అనీ పిలిచేవారు.

గాలి మేస్త్రీకి అది మొదటి పెద్ద పని. అతని అక్క అదే హాలులో బట్ట కత్తిరించే మిషను మీద పనిచేసేది. తల్లి పోయాక అతన్ని సాకింది ఆవిడే. తను చిరుగు చీరలు కట్టుకుని తమ్ముడికి ఈ పని నేర్పించింది. పెట్టె ప్రారంభించిన రోజున యజమాని రిబ్బను కత్తిరిస్తుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, "మా తమ్ముడు బిగించిందే!" అని పక్కనున్నవాళ్ల చెవులు చిల్లులు పడేలా చెప్పుకుంది. ఆ సంబరం చూసి మేనేజరు కూడా నవ్వాడు.

సంబరం ముగిసిన కొద్దిరోజులకే ఆవిడ తమ్ముణ్ణి నిలదీసింది.

"ఒరేయ్, మధ్యాహ్నం అయ్యేసరికి తల దిమ్మెక్కిపోతోందిరా. కళ్లు వాలిపోతున్నాయి. నాకొక్కదానికే కాదు, అందరికీ అలాగే ఉంది. నీ పెట్టె సరిగా ఆడుతోందా అసలు?"

"ఫ్యాన్ల చప్పుడు వినబడటం లేదా నీకు?"

"చప్పుడుకేం, బ్రహ్మాండంగా ఉంది. చప్పుడు పీల్చుకుని బతకమంటావా?"

"రాత్రి సరిగ్గా పడుకోవు, పగలు నా మెషిన్ని ఆడిపోసుకుంటావు. నలుగురిలో నా పరువు తియ్యకక్కా, నీకు దణ్ణం పెడతా."

ఆవిడ ఆ పూటకు మజ్జిగ కలిపి అతని ముందు పెట్టి, తన తలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంది.

ఇంట్లో అక్క ఊరుకున్నా హాలు ఊరుకోలేదు. నలుగురైదుగురు కలిసి మేనేజరు దగ్గరికి వెళ్లారు. వాళ్ల ముందు నిలబడి మాట్లాడింది అక్కే. "గాలి ఆడటం లేదు సార్. పక్కన మరకలు తీసే గదిలోంచి మందు కంపు కూడా ఇటే వస్తోంది. ఇదివరకు ఇలా ఉండేది కాదు," అంది. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే పనిచేసేవాళ్లు ఒంట్లో బాగాలేదంటే అది పని ఎగ్గొట్టడానికేనని చిన్నప్పుడే ఎవరో ఆయన బుర్రలో గట్టిగా నాటేశారు. అయినా న్యాయంగా ఉండాలని మెకానిక్‌నే పిలిపించాడు.

గాలి మేస్త్రీ అప్పుడే మేడ మీద నెలవారీ శుభ్రం చేసి దిగాడు. ఏ నెల వచ్చినా అతని పద్ధతి ఒక్కటే. పెట్టె పక్కతలుపు తీస్తాడు, ఫ్యాన్ల బెల్టు నొక్కి చూస్తాడు, అడుగున నిలిచిన నీళ్లు పోతున్నాయో లేదో చూస్తాడు, రెండు ఫిల్టర్లూ లాగి దులుపుతాడు, తలుపు మూస్తాడు. ఆ రోజు బయటి గాలి వచ్చే వైపు ఫిల్టరును చేత్తో పట్టుకునే వచ్చాడు.

"చూడండి సార్, బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మల్లెపువ్వులా! దీనికి దుమ్ము పడితే వెలిగే ఎర్రలైటు ఒక్కనాడు కూడా వెలగలేదు. ఇంతకంటే శుభ్రమైన గాలి ఎక్కడ దొరుకుతుంది?"

మేనేజరు ఆ తెల్లటి ఫిల్టరును అందరికీ ఎత్తి చూపించాడు. పైగా ఈ మధ్య కరెంటు బిల్లు కూడా బాగా తగ్గిందనీ, ఇలాంటి పనివాడు దొరకడం తమ అదృష్టమనీ మెచ్చుకున్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "ఏమ్మా, నీ సొంత తమ్ముడే చెబుతున్నాడు. ఇక నువ్వు చెప్పేదేముంది?" అన్నాడు. తమ్ముడు మెచ్చుకోలు వింటూ ఆ ఫిల్టరు వంకే చూశాడు. అక్క మొహం మాడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఆ రోజు నుంచి ఆవిడకు 'నిద్రమొహం' అని పేరు పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నారు? ఆవిడతో పాటు కళ్లు వాలిపోతున్నవాళ్లే. పైఅధికారి అబద్ధమంటే మన తలనొప్పి మనకే అబద్ధమనిపించడం ఎంత దౌర్భాగ్యమో చూడండి!

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, భోజనాలై అందరూ మళ్లీ పనిలో కూర్చున్న వేళ, అక్క బట్టల దొంతరను కత్తి కిందికి నెడుతూ నెడుతూ తూలింది. బట్టతో పాటు చెయ్యి కూడా వెళ్లిపోయింది. ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు తెగి పడ్డాయి. కేక వేసింది ఆవిడ కాదు, పక్క మిషను మీది పిల్ల. ఆవిడ మాత్రం కాసేపు ఏం జరిగిందో తెలియనట్టు ఆ దొంతర వంకే చూస్తూ ఉండిపోయిందట.

ఆసుపత్రిలో అక్కను పడుకోబెట్టి, గాలి మేస్త్రీ మర్నాడు పనిలోకి వచ్చాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. మేడ ఎక్కి అలవాటుగా పెట్టె తలుపు తీశాడు. రెండు ఫిల్టర్లూ లాగి పక్కపక్కనే నేల మీద పెట్టాడు. హాలు నుంచి వచ్చే గాలి వైపుది నూలు పీచుతో, దుమ్ముతో దుప్పటిలా మందంగా పేరుకుపోయింది. రెండోది తెల్లగా ఉంది. పెట్టె మీద చెయ్యి ఆనించి లేవబోతే అరచేతికి నల్లగా మసి అంటింది. కింద రోడ్డు మీద లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. పిట్టగోడ నిండా దుమ్మే, పైపుల మీదా దుమ్మే. బయటి గాలి పీల్చే ఫిల్టరు మాత్రం మల్లెపువ్వులా ఉంది!

పెట్టె వెనక, పిట్టగోడకు ఆనుకుని మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు ఉంది. కొత్త గాలి లోపలికి పోయే నోరు అక్కడ కిందికి వంగి ఉంటుంది. బిగించాక అతను ఆ సందులోకి మళ్లీ వెళ్లింది లేదు. వెళ్లే అవసరం లేదనుకున్నాడు. ఇప్పుడు పాకుతూ వెళ్లి చూశాడు. ఆ నోటికి ప్లైవుడ్ చెక్క బిగించి ఉంది. అంచుల చుట్టూ గాలి చొరకుండా టేపు వేసి ఉంది. తను వేసిందే. అంత నీటుగా టేపు వేసేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

అంతా గుర్తొచ్చింది. ప్రారంభోత్సవమయిన వారంలోనే రంగుల మేస్త్రీ పిట్టగోడకు రంగు వేస్తుంటే ఆ వాసన హాలులోకి దిగింది. "రంగు కంపుకు కడుపులో తిప్పుతోందిరా," అని అక్క అంది. అక్క కోసమే అతను పరుగున వెళ్లి ఆ మూత బిగించాడు. పని అయ్యాక తీసెయ్యమని రంగుల మేస్త్రీకి చెప్పాడు. రంగు ఆరేలోపు ఆ మేస్త్రీకి ఇంకోచోట పని తగిలింది. మెకానిక్ ఎలాగూ వస్తాడు కదా అని అతను వెళ్లిపోయాడు. రంగుల మేస్త్రీ తీసేసే ఉంటాడని ఇతను అనుకున్నాడు. అప్పటి నుంచి ఆ పెట్టె హాలులోని గాలిని బయటికి తోడేస్తోందే తప్ప రవ్వంత కొత్త గాలి కూడా ఇవ్వలేదు. అందుకే తలుపు లోపలికి గుంజుకుపోయేది. అందుకే పక్క గదిలోని మందు కంపు సందుల్లోంచి ఇటు లాక్కొచ్చేది. చల్లబరచడానికి బయటి వేడిగాలే రావడం లేదు కాబట్టి బిల్లు తగ్గింది. అందరూ మెచ్చుకున్న ప్రతి సంగతీ ఆ మూత తెచ్చిపెట్టిందే.

చెక్క పీకాడు. పెట్టె ఒక్కసారి ఝుమ్మని గాలి మింగింది. అతను కిందికి పరిగెత్తి హాలు తలుపు మీద చెయ్యి వేశాడు. ఒక్క వేలికి తెరుచుకుంది. లోపల బల్లల మీది దారపు ముక్కలు కదిలాయి. వంచిన తలలు ఒకటొకటిగా పైకి లేచాయి. ఎవరో "అబ్బ!" అన్నారు. ఖాళీగా ఉన్న కత్తిరింపు మిషనును చూసి అతను గుమ్మంలోనే గోడకు జారగిలబడి భోరుమన్నాడు.

మేనేజరు గదిలో మాత్రం వేరే లెక్క నడిచింది.

"సరే, మూత తీశావు, బాగుపడింది. ఇక నోరు మెదపకు. పనిలో కునుకు తీసి కత్తి కింద చెయ్యి పెట్టుకుందని రిపోర్టు పంపేశాం."

"అలా రాస్తే అక్కకు పరిహారం రాదు కదా సార్. ఉద్యోగం కూడా..."

"నిజం చెబితే నీ ఉద్యోగం ఉంటుందా? ఇంకెవరైనా నిన్ను మేడ ఎక్కనిస్తారా? ఇద్దరూ కలిసి రోడ్డున పడతారా? ఆలోచించుకో."

అతను ఆలోచించుకున్నాడు. అతను వెంటనే సింహంలా గర్జించాడని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆ చెక్కను ముక్కలు చేసి చెత్తలో పారేద్దామని సుత్తి కూడా చేతిలోకి తీసుకున్నాడు. కానీ ఆ టేపు అంచు చూసినప్పుడల్లా, తెల్లటి ఫిల్టరు ముందు మాడిపోయిన అక్క మొహమే కళ్లముందుకొచ్చింది.

ప్రమాదం మీద విచారణకు కార్మికశాఖ అధికారి వచ్చాడు. హాలులో అందరినీ నిలబెట్టి, "ఆవిడకు పనిలో నిద్రపోయే అలవాటుందట, నిజమేనా?" అని అడిగాడు. అందరి చూపులూ మేనేజరు మీదికి పోయాయి. అప్పుడు గాలి మేస్త్రీ ఆ ప్లైవుడ్ చెక్కను చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి అధికారి ముందున్న బల్ల మీద పెట్టాడు.

"ఇది నేను బిగించిన మూత సార్. తీయడం మరిచిపోయాను. ఊపిరి ఆడటం లేదని మా అక్క మొత్తుకుంటే అబద్ధమన్నాను. ఆవిడ నిద్రపోలేదు సార్, మేమే మగతలో ముంచాం."

కాసేపటికి, నిద్రమొహం అని పిలిచినవాళ్లలోనే ఒకావిడ ముందుకొచ్చింది. "మాకూ తల తిరిగేది సార్. భయపడి చెప్పలేదు," అంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు నోరు విప్పారు.

పరిహారం వచ్చింది. అక్క ఉద్యోగం పేరుకు మిగిలింది, గేటు దగ్గర కుర్చీలో. తమ్ముడి పని మాత్రం ఊడింది. అన్నిటికంటే పెద్ద శిక్ష ఇంట్లో పడింది. ఒకరోజు అక్క అలవాటు కొద్దీ సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కించలేక, సూదిని అతని వైపు తోసింది. అతను ఎక్కించి ఇచ్చి, "తిట్టవే అక్కా, ఒక్కసారి తిట్టు," అన్నాడు.

"మూత పెట్టింది నా కోసమే. మరిచిపోయావు, మనిషన్నాక మరుపు రాదా? దానికి నేనేం అనను." ఆవిడ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "కానీ ఒరేయ్, నేను చెప్పినప్పుడు నా మొహం కూడా చూడకుండా ఆ ఫిల్టరు చూశావే. అదే నాకు మింగుడు పడటం లేదురా."

ఇప్పుడతను ఎక్కడెక్కడో చిన్న చిన్న పనులు చేసుకుంటున్నాడు. ఏ భవనానికి పిలిచినా నేరుగా మేడ ఎక్కడు. ముందు కింద హాలులోకి వెళ్లి, అన్నిటికంటే మూల బల్ల దగ్గర కూర్చున్న మనిషిని "ఇక్కడ ఊపిరి ఎలా ఆడుతోందమ్మా?" అని అడుగుతాడు. జవాబు మొత్తం విన్న తర్వాతే మెట్లెక్కి, వెనక సందులోకి దూరి, కొత్త గాలి పోయే నోటి దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తాడు. "ఇంత చాదస్తం ఎందుకయ్యా?" అని ఎవరైనా నవ్వితే అతను చెప్పే మాట ఒక్కటే, మనమందరం కూడా గుర్తుపెట్టుకోవలసిన మాట: "యంత్రం బాగుందని యంత్రాన్ని చూసి చెప్పకూడదండీ, దాని కింద కూర్చున్న మనిషిని అడిగి చెప్పాలి."