చెప్పని నొప్పి

విజయేందర్‌ది అమీర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే పని. కూతురు దివ్యశ్రీకి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా పిల్లకు తలనొప్పి. కళ్ల ముందు రంగురంగుల చక్రాలు తిరుగుతున్నాయనేది, కాసేపటికి తల పట్టుకుని వాంతి చేసుకునేది. మైగ్రేన్ అని ఎస్.ఆర్. నగర్‌లో ఒక డాక్టరు మందు రాసిచ్చాడు. అయితే ఆ నొప్పి రెండుసార్లు పరీక్షల రోజే వచ్చేసరికి విజయేందర్‌కి అనుమానం పట్టుకుంది.

"బడికి పోబుద్ధిగాక నాటకాలు చేస్తున్నవా?" అంటూ ఒకనాడు చెంప మీద కొట్టాడు. భార్య మానస అడ్డం వచ్చేలోపే దెబ్బ పడింది.

ఆ తర్వాత ఆరు నెలలు పిల్ల నోట తలనొప్పి మాటే రాలేదు. ఒక్క దెబ్బకు దారికొచ్చిందని అతను దుకాణంలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఒక ఆదివారం అమ్మానాన్నలతో పంజాగుట్ట మెట్రో మెట్లు ఎక్కుతూ దివ్యశ్రీ ఉన్నట్టుండి ఆగిపోయింది. కళ్లు ఎడమపక్కకు తిరిగిపోయాయి. పిలిస్తే పలకలేదు. మరుక్షణం ఒళ్లంతా కొట్టుకుంటూ కూలిపోయింది. విజయేందర్ ఏడుస్తూనే ఆటో ఎక్కించాడు.

ఆసుపత్రిలో పిల్లల నరాల డాక్టరు రత్నమాల గారు పాప తలకు తీగలు అంటించి పరీక్ష చేయించారు.

"ఇవి ఫిట్సండీ. మెదడు వెనక భాగంలో మొదలవుతున్నాయి. అందుకే ముందు రంగులు కనబడతాయి, తర్వాత తలనొప్పి, వాంతి. చూడ్డానికి అచ్చం మైగ్రేన్‌లాగే ఉంటుంది. కొంతమంది పిల్లలకు రెండూ ఉంటాయి. మీ పాపకూ అంతే అనిపిస్తోంది. నెలకు ఎన్నిసార్లు వస్తుంది?"

"ఆర్నెల్ల సంది అస్సలు లేదు మేడం," అన్నాడు విజయేందర్.

"నువ్వు చెప్పమ్మా."

దివ్యశ్రీ తల వంచుకుంది. "రెండు మూడు దినాలకోసారి వస్తది మేడం."

"మరి ఇంట్లో చెప్పలేదేం?"

"చెప్తే డాడీ కొడ్తడు."

మానస మొగుడి వైపు చూడను కూడా లేదు.

మందులతో ఫిట్స్ ఆగాయి. నొప్పి మళ్లీ వస్తే వెంటనే తెలియాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. విజయేందర్ రోజూ అడుగుతాడు. "లేదు డాడీ," అంటుంది పిల్ల.

మొన్న మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తే, కిటికీ మూసిన గదిలో దివ్యశ్రీ నుదురు గోడకు ఆనించి కూర్చుని ఉంది.

"నెత్తి నొస్తుందా బిడ్డా?"

"లేదు డాడీ. ఊకెనే కూసున్న." కళ్లు తెరవకుండానే అంది.

అతను తువ్వాలు తడిపి తెచ్చి ఆమె నుదుటి మీద వేశాడు. వద్దనలేదు. ఆమె చెంపల మీదుగా నీళ్లు కారుతుంటే, ఏవి తువ్వాలు నీళ్లో ఏవి కన్నీళ్లో అతనికి తెలియలేదు.